మారుతి 800కి కీలెస్ ఎంట్రీ: 143 మిల్లీయాంప్స్ కథ

దొరికింది! మూడు నెలలుగా మా బండి బ్యాటరీని ఎవరు తాగేస్తున్నారో మొన్న రాత్రి దొరికింది. ఆ ఆనందం ఒక పక్క, దాంతో బయటపడిన ఇంకో విషయం వల్ల వచ్చిన టెన్షన్ ఇంకో పక్క. రెండూ రాస్తాను.

బండి 2004 మారుతి 800 ఏసీ, ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ని కంప్యూటర్ లెక్క చూసి చిమ్మే ఇంజిన్). నాన్నది. ఆయనకు ఇప్పుడు 74. వేళ్ల కీళ్లు పట్టేస్తున్నాయి, తాళం తిప్పడం కష్టమైపోయింది. ఆదివారం రైతుబజారుకి తన బండిలో తనే వెళ్లాలని ఆయన పట్టు. అందుకే పుష్ స్టార్ట్ కిట్ బిగించాను. రిమోట్ దగ్గర్లో ఉంటే చాలు, తాళం తిప్పకుండా బటన్ నొక్కితే డోరు తెరుచుకుంటుంది, ఇంజిన్ అందుకుంటుంది. మా బండికి ఇమ్మొబిలైజర్ (తాళంలో సరైన చిప్ ఉంటేనే ఇంజిన్ అందుకునే ఏర్పాటు) లేదు కాబట్టి చిప్ గొడవ రాలేదు.

పూర్తయినవి: సెంట్రల్ లాకింగ్, స్టార్ట్ బటన్, సైరన్. కిట్‌లో బ్రేక్‌కి ఇవ్వాల్సిన వైర్‌ని క్లచ్ స్విచ్‌కి ఇచ్చాను. గేర్ బండికి బ్రేక్ ఒక్కటే చాలదు, గేర్‌లో ఉండగా బటన్ నొక్కితే ముందుకు దూకుతుంది. రిమోట్ స్టార్ట్ వైర్ అసలు కలపలేదు, మాన్యువల్ బండికి అది వద్దనే నా అభిప్రాయం. స్టీరింగ్ లాక్ పిన్ను తీసేసి గేర్ లాక్ వేయించాను. ఆ పిన్ను ఉంచేసి తాళం పక్కన పెట్టే వాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. నడుస్తున్న బండిలో స్టీరింగ్ పట్టేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. కిట్‌లో ఇగ్నిషన్ కరెంటు ఇచ్చే వైర్లు రెండు, ఐజీ 1, ఐజీ 2. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), పెట్రోల్ పంపు లైను మొదట ఐజీ 2 కి కలిపాను. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ కిట్ ఆ వైర్‌ని ఆపేస్తుంది, అందుకే ఇంజిన్ అందుకోలేదు. ఐజీ 1 కి మార్చాక ఒక్క నొక్కుకే అందుకుంటోంది.

ఇక అసలు సమస్య. బండి ఐదు రోజులు కదలకపోతే బ్యాటరీ పడుకుంటోంది. "ఒరేయ్, బండి మళ్లీ పలకట్లేదురా" అని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. బ్యాటరీ 35 ఏహెచ్ (యాంపియర్ అవర్, నిల్వ లెక్క) అమరాన్, మూడేళ్లది. ఆటోనగర్‌లో చూపిస్తే "బ్యాటరీ అయిపోయింది, మార్చేయండి" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఫుల్ ఛార్జ్ చేసి సెల్ఫ్ కొడుతుండగా కొలిస్తే 9.9 వోల్టుల కంటే దిగలేదు. ఈ వయసు బ్యాటరీకి అది మంచి లెక్కే.

కిట్ పెట్టకముందు బండి నిలబడి ఉండగా 8 మిల్లీయాంప్స్ లాగేది, స్టీరియో మెమరీ, ఈసీయూ కలిపి. కిట్ పెట్టాక ఒక మధ్యాహ్నం కొలిస్తే 19. అంటే రోజుకి అర ఏహెచ్ కూడా కాదు, నెలరోజులైనా బండి పలకాలి. కిట్ తప్పు కాదనుకుని మిగతావన్నీ వెతికాను. స్టీరియో మెమరీకి కరెంటు ఇచ్చే పసుపు వైర్ తీసేశాను, తేడా లేదు. ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) డయోడ్ లీక్ అవుతోందేమోనని దాని వైర్ విప్పాను, తేడా లేదు. డ్రైవర్ డోర్ పిన్ స్విచ్ తుప్పు పట్టి 40 ఓమ్స్ చూపించింది, గరుకు కాగితంతో రుద్ది 0.3కి తెచ్చాను. ఐదో రోజుకి మళ్లీ అదే కథ.

తర్వాత ఒక సాయంత్రం అనుకోకుండా మీటర్ పెడితే 143! కిట్ ఫ్యూజ్ పీకితే 8కి పడిపోయింది. అంటే కిట్టే. కానీ మధ్యాహ్నం నిద్రపోతున్న కిట్ సాయంత్రం ఎందుకు మేల్కొంటోంది? ఎర్త్ బోల్ట్ దగ్గర పెయింట్ గీకి కొత్త వైర్ వేశాను, బ్యాటరీ నెగటివ్‌కి దానికి మధ్య 0.02 వోల్టులే తేడా. వేడికి మాడ్యూల్ (కిట్‌కి మెదడు లాంటి డబ్బా) పిచ్చెక్కుతోందేమోనని డ్యాష్‌బోర్డ్ కింద నుంచి తీసి సీటు కింద పెట్టాను. అమ్మినవాళ్లు మర్యాదగా మాడ్యూల్ మార్చి ఇచ్చారు. కొత్తదీ అంతే. ఒక రోజు 19, ఒక రోజు 143.

నేను పట్టించుకోని రెండు ఆధారాలు అప్పటికే కళ్లముందు ఉన్నాయి. ఒకటి, నాన్న తెనాలిలో అక్క దగ్గర ఎనిమిది రోజులు ఉండి వచ్చారు. ఆ ఎనిమిది రోజులూ బండి కదల్లేదు, అయినా మొదటి నొక్కుకే అందుకుంది. రెండోది, రిమోట్‌లో సీఆర్ 2032 సెల్ ఆరు వారాలకే అయిపోయింది. మామూలుగా ఏడాది రావాలి.

చివరికి లాగర్ (కరెంటు రీడింగులు వరసగా రాసిపెట్టే పరికరం) కట్టాను. ఆర్డ్వినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కరెంటు కొలిచే ఐఎన్ఏ 219 బోర్డు, ఎస్‌డీ కార్డు, పది సెకన్లకి ఒక రీడింగ్. చేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు. ఆ ఐఎన్ఏ బోర్డు 3.2 యాంప్స్ దాకే కొలుస్తుంది, నాలుగు డోర్ల మోటార్లు ఒకేసారి కొడితే కాలిపోవచ్చు. కాబట్టి డోర్లు లాక్ చేశాకే దాన్ని లైన్లో పెట్టాలి. నానోకి పవర్ బ్యాంక్ వాడకండి, లోడ్ తక్కువని అదే ఆగిపోతుంది. నా మొదటి రాత్రి డేటా అలాగే పోయింది. ఫోన్ ఛార్జర్ పెట్టాను.

పొద్దున్నే గ్రాఫ్ గీసి చూస్తే రాత్రంతా 143. 5:42కి ఒక్కసారిగా 19. మళ్లీ 6:31కి 143.

5:42కి నాన్న వాకింగ్‌కి బయల్దేరతారు.

ఇంటి గేటు తాళం, బండి రిమోట్ ఒకే గుత్తికి ఉంటాయి. వాకింగ్ నుంచి రాగానే గుత్తిని హాల్లో కిటికీ పక్కన, క్యాలెండర్ కింద మేకుకి తగిలిస్తారు. ఇరవై ఏళ్ల అలవాటు. ఆ గోడకి అవతలే బండి. నేను కిట్ యాంటెన్నాని అటు పక్కే, ఎడమవైపు అద్దం మూలన అంటించాను. టేపుతో కొలిస్తే మేకుకి, యాంటెన్నాకి మధ్య 1.3 మీటర్లు. మాడ్యూల్ 125 కిలోహెర్ట్జ్ మీద "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది, రిమోట్ 433 మెగాహెర్ట్జ్ మీద "ఉన్నాను" అని బదులిస్తూ ఉంటుంది. ఇద్దరికీ నిద్ర లేదు. 143 లెక్కన రోజుకి 3.4 ఏహెచ్, ఐదు రోజులకి 17. సగం బ్యాటరీ ఖాళీ. మధ్యాహ్నం నేను కొలిచినప్పుడు గుత్తి నాన్న చొక్కా జేబులో, వెనక గదిలో ఉంది!

డోర్లు వాటంతట అవే తెరుచుకునే సౌకర్యాన్ని మొదట్లోనే ఆపేశాను, హ్యాండిల్ పక్కన బటన్ నొక్కితేనే తెరుచుకుంటాయి. అందుకే బయటికి ఏమీ తెలియలేదు. ఈ సంగతి అర్థమైన రాత్రి 11 గంటలకి చేతిలో తాళం లేకుండా వెళ్లి ఆ బటన్ నొక్కాను. తెరుచుకుంది. లోపల కూర్చుని క్లచ్ తొక్కి స్టార్ట్ నొక్కాను. అందుకుంది. చేతులు చల్లబడ్డాయి. గేర్ లాక్ ఒక్కటే అడ్డుగా నిలిచింది ఇన్నాళ్లూ. రోలింగ్ కోడ్ (ప్రతిసారీ మారే రహస్య కోడ్) ఉన్న కిట్టే కొనాలని నేను మొదటి నుంచీ చెబుతున్నాను, ఇప్పటికీ చెబుతాను. కానీ తాళం పక్కనే వేలాడుతుంటే ఏ కోడూ కాపాడదు.

"తాళం వేరే చోట పెట్టండి నాన్నా" అనొచ్చు. అనాలనిపించలేదు. ఆయన కోసం చేసిన పనికి ఆయన అలవాటు మార్చుకోవడం ఏమిటి? యాంటెన్నాని తీసి డ్రైవర్ డోర్ వైపు, సీటు పక్కకి మార్చాను. ఇప్పుడు మేకుకి దూరం 2.5 మీటర్లు. తాళం లేకుండా ఇరవైసార్లు బటన్ నొక్కాను, ఒక్కసారీ తెరుచుకోలేదు. నాలుగు రాత్రుల గ్రాఫ్ 19 దగ్గర నిలబడింది, మంగళవారం తప్ప. ఆ రోజు రాత్రి 11:04 నుంచి 11:40 దాకా మళ్లీ 143. నా అంచనా ఏమిటంటే, రిమోట్‌లో యాంటెన్నా చుట్ట ఒకే దిశలో ఉంటుంది, హాల్లో టేబుల్ ఫ్యాన్ గాలికి గుత్తి ఊగి ఒక కోణంలో సిగ్నల్ అందుకుంది. ఫ్యాన్ పెట్టి, ఆపి చూడాలి. అప్పటిదాకా నాన్న పడుకున్నాక గుత్తిని స్టీలు డబ్బాలో పెట్టి, తెల్లారేలోగా మేకుకి తగిలిస్తున్నాను. మూత పెడితే సిగ్నల్ పూర్తిగా ఆగుతోంది.

తర్వాతి పని రిమోట్ లోపల. సెల్‌కి, సర్క్యూట్‌కి మధ్య చిన్న కదలిక స్విచ్ (లోపల గుండు కదిలే బాల్ స్విచ్), మాస్ఫెట్ (కరెంటుని కలిపి, ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్), కెపాసిటర్ పెట్టి, కదిపిన మూడు నిమిషాల దాకే కరెంటు అందేలా చేయాలి. మేకుకి తగిలిస్తే నిద్ర, చేతిలోకి తీసుకుంటే మెలకువ. కేసులో 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, మాస్ఫెట్ పడుతుంది, బాల్ స్విచ్ పట్టేలా లేదు. అంతకన్నా చిన్నది వెతకాలి. ఫ్యాన్ గాలికి ఊగినా అది మేల్కొంటుందేమో అదీ చూడాలి. అన్నట్టు, డ్రైవర్ డోర్ మామూలు తాళం రంధ్రం అలాగే ఉంచాను, బ్యాటరీ పూర్తిగా పడిపోతే లోపలికి వెళ్లడానికి అదే దారి. డిక్కీకి సోలనాయిడ్ (కరెంటుతో గొళ్లెం లాగేది) కూడా అడుగుతున్నారు నాన్న, కూరగాయల సంచులు రెండు చేతుల్లో ఉంటాయి కదా. ఈ ఆదివారం ఆటోనగర్ వెళ్లి, కేబుల్ లాగే రకం దొరుకుతుందేమో చూస్తాను.