అతుకు

"చెయ్యి పెట్టి చూశారా?"

వడ్రంగి మేస్త్రి అడిగింది ఆ ఒక్క ముక్కే. 'మీరు' అనే అడిగాడు. జర్మన్‌లో ఆ 'మీరు'లో మర్యాద ఎంతుంటుందో ఎడం కూడా అంతే ఉంటుంది. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాళ్లిద్దరు నిలబడి చూస్తున్నారు. నాకు చెవులు వేడెక్కాయి.

జర్మనీలో క్వెడ్లిన్‌బుర్గ్ అనే పాత ఊళ్లో పదిహేడో శతాబ్దం నాటి ఇల్లది. ఓక్ కర్రలతో చట్రం నిలబెట్టి, మధ్య గడులు మట్టితో పూడ్చి కట్టిన రకం. వీళ్లు ఫాఖ్‌వెర్క్ అంటారు. కట్టడం ఎలా ఉందో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. కింది అంతస్తులో పద్నాలుగు స్తంభాలుంటే తొమ్మిదింటి మీద ఎర్ర చాక్‌పీసుతో ఇంటూ గుర్తు పెట్టాను, తీసేసి కొత్తవి వెయ్యాలని. తేమ మీటరు చెప్పింది, అడుగు నల్లబడి ఉంది, ఇంకేం కావాలి?

ఆయన జేబులోంచి సన్న ఉలి తీసి స్తంభం మొదట్లో పొడిచాడు. బెల్లంలో దిగినట్టు దిగింది. జానెడు పైన పొడిచాడు, కొంచెం దిగింది. మూరెడు పైన పొడిస్తే ఖంగుమని మోగింది. "కింద పుచ్చింది. పైన చేవ ఉంది. చేవ ఉన్న కర్రని ఎందుకు పారేస్తున్నారు?" అన్నాడు. తర్వాత టార్చి వేసి స్తంభం పక్కన గీతలు చూపించాడు. ఉలితో చెక్కిన రోమన్ అంకెలు. అప్పటి వడ్రంగులు కర్రలన్నీ ముందు నేల మీద పరిచి కోసి, ఏది ఏ బెజ్జంలో దిగాలో గుర్తు చెక్కుకుని, ఆ తర్వాత ఎత్తి నిలబెట్టేవాళ్లట. ఆ అంకె మీద నుంచే నా ఎర్ర గీత వెళ్లింది.

పుచ్చు ఎక్కడిదో కూడా ఆయనే చెప్పాడు. పాతికేళ్లో ముప్పయ్యేళ్లో కిందట ఎవరో గోడ అడుగున సిమెంటు పూశారు. మట్టి, సున్నం అయితే చెమ్మను పీల్చి వదిలేస్తాయి. సిమెంటు వెనక చిక్కిన నీరు ఎటూ పోలేక కర్రను తినేసింది. నా రిపోర్టులో మరమ్మతు కింద రాసి ఉన్నది కూడా సిమెంటే.

ఆ సాయంత్రం కోపం దిగక ఊరంతా తిరిగాను. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. లెక్క కట్టడం వచ్చినవాణ్ణి, నన్ను పిల్లల ముందు అలా అడగొచ్చా అనే మనసులో ఉంది. తిరిగే కొద్దీ కళ్లు మాత్రం కర్రల మీదకే పోయాయి. కొండ మీద సెయింట్ సెర్వాటియస్ చర్చి, 1129లో ప్రతిష్ఠ జరిగింది: లావు గోడలు, చిన్న కిటికీలు, గుండ్రటి కమానులు. కింద వోర్ట్‌గాస్సె సందులో 1347 ప్రాంతపు ఇల్లు. దాని స్తంభాలు నేల నుంచి చూరు దాకా ఒకే కర్ర. పదహారో శతాబ్దపు ఇళ్లకొచ్చేసరికి పై అంతస్తు కింది దాన్ని దాటి వీధిలోకి వంగుతుంది, దూలాల మీద విసనకర్రల్లాంటి చెక్కడాలు. తర్వాతి కాలంలో దూలం కొసల్ని వజ్రంలా పలకలు తేల్చారు. ఆ పైన వచ్చినవాళ్లకు కర్ర నామోషీ అయింది, రాతి మేడలా కనపడాలని గార పూసేశారు. ఇంకాస్త అవతల తూర్పు జర్మనీ కాలపు కాంక్రీటు పలకల ఇళ్లు. ఇదంతా నడిచి చూడగలిగినంత ఊళ్లోనే. ఇదే రాష్ట్రంలో, మాగ్దెబుర్గ్‌లో 1209లో మొదలుపెట్టిన గోథిక్ చర్చి ఉంది, దెస్సావ్‌లో 1926లో తెరిచిన బౌహౌస్ అనే డిజైను బడి అద్దాల గోడ ఉంది. రెండూ ఒకే జాతి కట్టినవంటే నమ్మబుద్ధి కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇదంతా పాతదంటే ప్రేమ వల్లే మిగల్లేదు. తూర్పు జర్మనీ ప్రభుత్వం ఈ పాత ఊరిని చాలావరకు కూల్చేసి కొత్తది కట్టాలనుకుంది. డబ్బు చాలక ఆగింది. లేమి కాపాడిన ఊరు 1994లో యునెస్కో జాబితాకెక్కింది. డబ్బున్న పడమటి వైపు బ్రౌన్‌ష్వైగ్‌లో రాజభవనాన్ని 1960లో పడగొట్టారు. 2007లో ముందు గోడను మళ్లీ అచ్చంగా కట్టుకున్నారు, వెనక షాపింగ్ మాల్. ఇప్పుడు మాత్రం రక్షిత కట్టడంగా గుర్తించిన పాత ఇల్లు బాగుచేయించుకుని అందులోనే ఉండేవాడికి, ఆ ఖర్చులో ఏడాదికి 9 శాతం చొప్పున పదేళ్లు ఆదాయప్పన్ను లెక్కలో తగ్గిస్తారు. మా ఊళ్లో అలాంటిది ఎవరిచ్చారు?

ఇది ఎవరికి సంజాయిషీ చెప్పుకుంటున్నానో నాకు తెలుసు. 2011లో కోనసీమలో మా మండువా లోగిలి కూల్చినప్పుడు ఎస్టిమేటు రాసింది నేనే. అప్పుడే ఇంజనీరింగు మూడో ఏడు. బాబాయిల వాటాలు తేలాలి, వాసాలకు చెద పట్టింది, ముసురు పడితే వసారాలో గిన్నెలు పెట్టుకోవాలి. నాయనమ్మ చనిపోయాక దీపం పెట్టేవాళ్లు కూడా లేరు. ఏ కారణమూ అబద్ధం కాదు. 'మొత్తం తీసేయాలి' అని రాశాను. పాత కలప కొనేవాడు లారీ తెచ్చి టేకు స్తంభాలు పట్టుకుపోయాడు. ఆ స్తంభాల్లో ఒక్కదాని మీదైనా నేను ఉలి పెట్టి చూడలేదు. అతుకు వేసిన ఇల్లంటే మాకు పరువు తక్కువ. కొత్త స్లాబు వేస్తేనే వీధిలో తలెత్తుకున్నట్టు.

ఇక్కడ అతుకు ఎలా వేస్తారో తర్వాతి వారాల్లో చూశాను. పై బరువును జాకీల మీద నిలిపి, పుచ్చిన అడుగు కోసేశారు. పాత స్తంభానికీ కొత్త ముక్కకీ చెరి సగం మందం చెక్కి ఒకదాని మీద ఒకటి పడేలా కూర్చి, ఓక్ చీలలు దిగ్గొట్టారు. ఇనుప మేకు లేదు. కొత్త ముక్క తెల్లగా కనపడుతూనే ఉంది. రంగేసి దాచలేదు.

మే నెలలో గడులు పూడ్చే పని పెట్టారు. వెదురు తడికలా చువ్వలు అల్లి, గడ్డి కలిపిన మట్టి పామాలి. కుర్రాడు కలిపిన మట్టి చూస్తే నీళ్లెక్కువైనట్టు అనిపించింది. నోరు ఊరుకోక వంగి ఇంత తీసి ఉండ చేసి నేల మీద వేశాను. చప్పుడు లేకుండా పరుచుకుపోయింది. గడ్డి ఇంకాస్త వేయించి, నాయనమ్మ పాక గోడకు తొక్కించినట్టే కాళ్లతో తొక్కాను. ఆ వాసనకు నాకు గొంతు పట్టేసింది. మేస్త్రి వచ్చి పిడికెడు పిండి చూశాడు. "నీకెవరు నేర్పారు?" అన్నాడు. మొదటిసారి 'నువ్వు' అన్నాడు. ఆ రోజుకి తొమ్మిది ఇంటూ గుర్తుల్లో రెండే మిగిలాయి.

రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి, మన లోగిలి కర్ర ఏదైనా మిగిలిందా అని అడిగాను. ఎందుకురా ఇప్పుడు అన్నారు. పొద్దున్న ఫోటో పంపారు. సింహద్వారం చట్రం ఒకటి పశువుల పాకకు ఆనించి ఉంది, గేదె పలుపు దానికే కట్టి ఉంది. ఒక పక్క నిలువు కర్ర అడుగున నల్లబడింది. మేకు పెట్టి పొడిచి, ఎంత ఎత్తు దాకా దిగుతోందో కొలిచి చెప్పమన్నాను.