మా బాబుకి కామెర్లు ఎందుకొచ్చాయో తెలిసేసరికి

బడి నుంచి వచ్చి సాక్సులు విప్పాడు. చీలమండల పైన ఎలాస్టిక్ అచ్చు లోతుగా పడి ఉంది. రాత్రి అన్నాల వేళకి చూసినా ఆ గాడి అలాగే ఉంది. సాక్సులు బిగుతుగా ఉన్నాయేమో, రేపు కొత్తవి కొందాం అనుకున్నాను. అప్పుడు బాబుకి 12 ఏళ్ళు. వారం తిరక్కుండానే కళ్ళు పచ్చబడ్డాయి.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. వానాకాలం, వాళ్ళ క్లాసులోనే ఇద్దరికి కామెర్లు. దగ్గర్లోని డాక్టరు గారు కళ్ళకి పచ్చరంగు తెచ్చే బిలిరుబిన్ పరీక్ష ఒక్కటే చేయించి, 4.2 ఉందని చూసి, "సీజన్ కదమ్మా, రెండు వారాల్లో తగ్గిపోతుంది" అన్నారు. అత్తయ్య పసరు పోయిద్దామంది. మూడు రోజులు పరగడుపున మందు, పదకొండు రోజులు ఉప్పూ కారం లేని పథ్యం. నేను అడ్డు చెప్పలేదు. చిన్నప్పుడు నాకూ అక్కడే పోయించారు, తగ్గింది. నాకొచ్చింది హెపటైటిస్ ఏ అయి ఉంటుందని, అది చాలామంది పిల్లల్లో ఏ మందూ లేకుండానే తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. తగ్గేది దానంతట అది, పేరు పసరుకి.

పథ్యం పూర్తయ్యేలోపే పొట్ట ఉబ్బింది. బావా నేనూ వాణ్ణి తీసుకుని గుంటూరు పరిగెత్తాం. అక్కడ పిల్లల డాక్టరమ్మ లివర్ ఫంక్షన్ టెస్టు మొత్తం, రక్తం గడ్డకట్టే పరీక్ష, రక్తకణాల లెక్క, పొట్ట స్కానింగ్ రాశారు. సాయంత్రం రిపోర్టులు ముందు పెట్టుకుని, పెన్నుతో ఒక్కో అంకె కింద గీత గీస్తూ చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

"జ్వరం లాగే కామెర్లు కూడా ఒక లక్షణమే అమ్మా, జబ్బు కాదు. ఎందుకొచ్చాయో మనం వెతకాలి" అని మొదలుపెట్టారు.

ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 118 ఉంది. వైరస్ వల్ల కొత్తగా వచ్చిన కామెర్లలో ఇది తరచూ వెయ్యి దాటుతుందట. లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.6 ఉంది, 3.5కి తగ్గకూడదు. కొత్త ఆల్బుమిన్ తయారవడం ఆగిపోయినా, రక్తంలో ఉన్నది సగానికి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. అంటే ఈ లివర్ దెబ్బతిన్నది నిన్నా మొన్నా కాదు. ఆవిడ వాడి కాలి మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడింది. నేను చూసిన సాక్సుల గాడి అదే. ఆల్బుమిన్ తగ్గితే నీరు రక్తనాళాల్లో నిలవక బయటికి ఊరుతుందట. ప్లేట్‌లెట్లు 88 వేలు, స్కాన్‌లో ప్లీహం పెద్దది. లివర్ గట్టిపడితే అందులోకి వెళ్ళాల్సిన రక్తం వెనక్కి తన్ని ప్లీహాన్ని పెంచుతుంది, అది ప్లేట్‌లెట్లను పట్టి ఉంచేస్తుంది. ఐఎన్‌ఆర్ 1.8. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె ఇది, ఇక్కడ ఆవిడ గొంతు తగ్గించారు. రక్తం గడ్డకట్టే పదార్థాలు కూడా లివర్ సరిగ్గా చేయలేకపోతోంది.

మలం తెల్లగా వస్తోందా, ఒళ్ళు దురదగా ఉంటోందా అని అడిగారు. రెండూ లేవు. స్కాన్‌లో పిత్తనాళం ఉబ్బలేదు, అంటే రాయి అడ్డం పడలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ చూసి మాత్రం ఆగిపోయారు. ఎదిగే పిల్లల్లో ఎముకల వల్ల అది పెద్దవాళ్ళకంటే ఎక్కువే ఉండాలట. మావాడికి బాగా తక్కువుంది. హిమోగ్లోబిన్ 8.9, ఎర్రకణాలు చితికిపోతున్న ఆనవాళ్ళు. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ అన్నీ నెగెటివ్. సొంత రోగనిరోధక శక్తే లివర్ మీద పడే జబ్బు ఒకటుందట, ఆ పరీక్షలూ మామూలుగానే వచ్చాయి.

అప్పుడు పెన్ను పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు.

"మీది మేనరికమా?"

అవునండీ, మేనత్త కొడుకునే చేసుకున్నాను అన్నాను.

"ఈ మధ్య చేతిరాత ఏమైనా మారిందా?"

నా నోట మాట రాలేదు. ఆ ఏడు వాడి కాపీ పుస్తకం చూసి ఎన్నిసార్లు తిట్టానో. గుండ్రంగా రాసే పిల్లాడు వంకరగా, వణికినట్టు రాస్తుంటే టీవీ ధ్యాసలో పడ్డాడని రిమోట్ దాచేశాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఇది రాస్తుంటే కూడా నాకు కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు.

విల్సన్ డిసీజ్ అని ఆవిడ అనుమానం. కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు 1912లో రాసిన జబ్బు. తిండిలో వచ్చే రాగిలో ఒంటికి అక్కర్లేనిదాన్ని లివర్ పిత్తంతో బయటికి పంపాలి. ఆ పని చేయించే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ చెడ్డవే వస్తే రాగి లివర్లో, తర్వాత మెదడులో, కళ్ళలో పేరుకుంటుంది.

రక్తంలో రాగిని మోసే ప్రోటీన్, సెరులోప్లాస్మిన్, కనీసం 20 ఉండాల్సింది, 7 వచ్చింది. 24 గంటల మూత్రంలో రాగి చూడాలన్నారు. పొద్దున్న మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దున్న మొదటిసారిదాకా ప్రతి చుక్కా పట్టాలి. లోహం తగలకూడదని ల్యాబ్ వాళ్ళే ప్లాస్టిక్ క్యాన్ ఇచ్చారు. రాత్రి వాడు నిద్రమత్తులో బాత్రూంలో పోసేసి వచ్చాడు, మళ్ళీ మొదటినుంచి పట్టాం. 310 మైక్రోగ్రాములు. 100 దాటితేనే అనుమానం బలపడుతుంది. చివరికి కంటి డాక్టరు, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్‌లో నన్నూ చూడమన్నారు. నల్లగుడ్డు అంచు వెంబడి గోధుమ, బంగారు రంగులు కలిసిన సన్నటి వలయం. రోజూ కాటుక పెట్టి ముద్దుచేసిన కళ్ళు. నాకెప్పుడూ కనపడలేదు.

ఇంట్లో అత్తయ్య రోజూ రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి పొద్దున్నే మనవడికీ మనవరాలికీ తాగించేది. "నా చేత్తో నేనే పోశానా" అని గోడకి చేరగిలబడి ఏడ్చింది. జబ్బు ఆ నీళ్ళ వల్ల రాలేదు, పుట్టుకతో వచ్చింది, కానీ వీడికి మాత్రం ఆ నీళ్ళు వద్దని డాక్టరమ్మ అత్తయ్యకి ఫోన్లో స్వయంగా చెప్పారు. మేకల లివరు, రొయ్యలు, పీతలు, జీడిపప్పు, చాక్లెట్, పుట్టగొడుగులు కూడా మానేయాలి.

అంతకంటే పెద్ద టెన్షన్ పాప గురించి. మాలా చెడ్డ జన్యువు ఒక్కొక్కటి ఉన్న తల్లిదండ్రులకి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. 8 ఏళ్ళ పాప, ఇల్లంతా గంతులేస్తూ తిరిగేది. సెరులోప్లాస్మిన్ 9, ఎస్‌జీపీటీ 84, మూత్రంలో రాగి ఎక్కువే. కంట్లో వలయం లేదు, కాలికి వాపు లేదు, ఆకలి మందగించలేదు. ఎవరైనా చూసి జబ్బుందంటే నేనే పోట్లాడేదాన్ని. తిండిలోని రాగి ఒంటికి పట్టకుండా జింక్ మాత్రలు మొదలుపెట్టారు.

బాబుకి ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిలమిన్ మందు, దాంతో బీ6 విటమిన్. పెనిసిలమిన్ తిండికి గంట ముందు, లేదా రెండు గంటల తర్వాత. మొదటి నెలల్లో ఐఎన్‌ఆర్ తగ్గకపోతే లివర్ మార్పిడి గురించి మాట్లాడదామన్నారు. ప్రతి వారం ఆ కాగితం కోసం ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడేదాన్ని. 1.8, 1.8, 1.7. నాలుగో నెలకి 1.4. ఇప్పుడు 1.2, ఆల్బుమిన్ 3.6. మాత్రలు జన్మంతా వేసుకోవాలి, బాగున్నామని మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మా తోడికోడలిదీ మేనరికమే, నా చెల్లెలే. వాళ్ళ పిల్లలిద్దరూ చూడ్డానికి బాగానే ఉన్నారు. వచ్చే శనివారం వాళ్ళని గుంటూరు తీసుకెళ్తున్నాం. పరీక్ష ఎలా ఉంటుందో వాళ్ళకి చెబుతానని మా పాప కూడా బయల్దేరింది.