బోదె పక్కన వంగ మొక్క

వంగ తోటలో మేలైన మొక్కను ఎంచుకోవడం కంటికి తోచినంత తేలిక కాదని నాకు తెలియజెప్పింది, నీటి బోదె పక్కన పెరిగిన ఒక మొక్క. మిగిలినవాటికంటే గుబురుగా ఎదిగి విరగగాసిన దానిని చూసి ముచ్చటపడి, నాలుగు కాయలను పసుపు తిరిగేదాకా చెట్టునే ఉంచి విత్తనం తీశాను. మరుసటి పంటలో దాని సంతతి పక్క వరుసల్లాగే కాసింది. ఆ కాపు బోదె నీటి చలవే గాని జన్యువులది కాదు.

మేలైన రకాలను రూపొందించే మొక్కల ప్రజనన శాస్త్రం మొదట విడదీసేది ఈ రెండింటినే. రకాలన్నింటినీ ఒకే చేనులో పలుచోట్ల నాటి కొలిస్తే, జన్యువులు ఒక్కటే అయిన శుద్ధ రకం మొక్కల మధ్య కనిపించే తేడా నేలది, నీటిది. రకానికీ రకానికీ మధ్య అంతకుమించి కనిపించేది జన్యువులది. మొత్తం వైవిధ్యంలో జన్యువుల వాటాయే అనువంశికత. అయితే ఆ వాటాతోపాటు ఎంపిక వల్ల తర్వాతి తరంలో వచ్చే మెరుగుదలను, అంటే జన్యు పురోగతిని కూడా అంచనా వేయాలని జాన్సన్, రాబిన్సన్, కామ్‌స్టాక్ అనే శాస్త్రవేత్తలు 1955లోనే చెప్పారు. వంగలో కాయ బరువుకు ఈ రెండూ చాలా ప్రయోగాల్లో ఎక్కువగానే తేలాయి కాబట్టి బరువును బట్టి చేసే ఎంపిక త్వరగా ఫలిస్తుంది. దిగుబడి అంత సులభంగా లొంగదు, ఎందుకంటే కాయ పెరిగినకొద్దీ కాయల సంఖ్య తగ్గడం తరచుగా కనిపిస్తుంది. పైగా కాల్చి పచ్చడి చేసుకోవడానికి పెద్ద కాయ కావాలి గాని గుత్తి వంకాయ కూరకు చిన్నదే కావాలి. బరువొక్కటే చూసుకుంటూ పోతే ఆ చిన్న కాయల రకమే చేజారిపోతుంది.

నేనిప్పుడు కాయకంటే ముందు పువ్వును చూస్తున్నాను. వంగ పూలన్నీ ఒక్కలా ఉండవు. పుప్పొడి ఉండే పసుపుపచ్చని పరాగకోశాల మధ్యనుంచి, పుప్పొడిని అందుకునే ఆకుపచ్చని కీలాగ్రం బయటికి పొడుచుకొచ్చిన పువ్వు బాగా పిందె కడుతుంది. ఆ కీలాగ్రాన్ని మోసే కాడ, అంటే కీలం, కురచగా లోపలే ఉండిపోయిన పువ్వు సాధారణంగా రాలిపోతుంది. ఈ పూల పాళ్లు రకాన్ని బట్టీ, రుతువును బట్టీ మారుతాయి గనుక ఒక్క రోజు లెక్కతో తీర్పు చెప్పకూడదు.

తేనెటీగలు పుప్పొడి మోసుకొచ్చే అవకాశం ఉన్నందున, ఈసారి ఎంచుకున్న ఇరవై మొక్కలకూ మొగ్గలు విచ్చకముందే పలుచని బట్ట సంచులు కట్టాను. ఏ మొక్క విత్తనం ఆ మొక్కదే, పొట్లం వేరు, రాబోయే పంటలో వరుస వేరు. ఆ వరుసలన్నీ బోదెకు దూరంగానే ఉంటాయి.