ఆరు నిమిషాలు, 384 మీటర్లు

నిన్న పొద్దున ఆసుపత్రి కారిడార్‌లో, ఆరు నిమిషాల నడక టెస్టులో 384 మీటర్లు నడిచాను. ఇదీ ఒక గొప్పేనా అనుకుంటారేమో. డిసెంబరులో అదే కారిడార్‌లో, అవే ఆరు నిమిషాల్లో నేను నడిచింది 198. ఆ రోజు ఏం జరిగిందో మావారికి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనకే కీళ్ళవాపు జ్వరం వచ్చాయి. పైకి తగ్గిపోయాయి కానీ గుండెలో ఒక వాల్వు మాత్రం అప్పట్నుంచీ పాడవుతూనే వచ్చింది. 61వ ఏట, కిందటి నవంబరులో, విశాఖపట్నంలో ఆ మైట్రల్ వాల్వు తీసేసి మెకానికల్ వాల్వు పెట్టారు. పెన్షనర్ల ఈహెచ్ఎస్ (ఆరోగ్య పథకం) కార్డు పని నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆపరేషన్ సంగతి అడిగితే ఏం చెప్తాను, నిద్రపోయాను, లేచాను. రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగించారు కాబట్టి మూడు నెలలు బిందె ఎత్తకూడదు, దగ్గొస్తే దిండు గుండెకు హత్తుకోవాలి. మూడు బంతుల డబ్బాతో గాలి పీలిస్తే రెండో బంతి లేవడానికే తొమ్మిది రోజులు పట్టింది.

నా దిగులంతా గొంతు మీదే. విజయనగరం సంగీత కళాశాలలో చదివినదాన్ని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ అది, చెప్పుకోకుండా ఎలా ఉంటాను! అలాంటిది, గొట్టం వేసి తీసిన గొంతులోంచి షడ్జమం బదులు తలుపు కిర్రుమన్న చప్పుడు వచ్చింది. దానికి తోడు కొత్త వాల్వు. రాత్రి ఫ్యాన్ ఆపితే టిక్కుటిక్కుమని వినపడుతుంది. "నీ గడియారం పడుకోనివ్వట్లేదే" అంటారు మావారు. గడియారమైతే బాగుండును. నాకు గుండె లయ తప్పే జబ్బు కూడా ఉంది. రెండు టిక్కులు దగ్గరగా పడతాయి, మూడోది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ఆదితాళం వేయించిన మనిషికి లోపలే తాళం కుదరట్లేదు.

ఇక ఆ డిసెంబరు రోజు. ఆరో వారం చెకప్‌కి వెళ్తే "ఆరు నిమిషాల నడక టెస్టు ఉందమ్మా, ఫిజియో దగ్గరికి వెళ్ళండి" అన్నారు. ముందురోజు ఫోన్ చేసిన అమ్మాయి పాత రిపోర్టులు తెమ్మంది గానీ ఈ ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే చీర కట్టుకుని, హవాయి చెప్పులతో వెళ్ళేదాన్నా? నీరు తీసే మాత్ర వేసుకున్నాను, ఏం చెయ్యమంటారని అడిగి ఉండనా? రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, సరిగ్గా బాత్రూమ్‌కి లేవబోతుంటే నా పేరు పిలిచారు. వరస పోతుందని ఆగిపోయాను. అది నా తెలివితక్కువతనం.

ఓపీ కారిడార్‌లో ముప్ఫై మీటర్లకు అటొక కోను, ఇటొక కోను. మధ్యలో స్ట్రెచర్లు, రెండు వైపులా బెంచీల నిండా జనం. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, స్టాప్‌వాచ్ నొక్కి, ఫిజియో కుర్రాడు "మొదలెట్టండి" అన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతమంది ఎదుట నడవలేదు నేను. నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలు", "బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు నిమిషాలు" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అంటాడు. మధ్యలో వేరే మాటలు మాట్లాడకూడదని వాళ్ళ రూలట, తర్వాత తెలిసింది. మూడో నిమిషంలో ఎడమ చెప్పు వార ఊడింది. వదిలేసి నడిచాను. నాలుగో నిమిషంలో ఊపిరి అందలేదు. పైగా ఆపుకోవడం నా వల్ల కావట్లేదు. గోడకు ఆనుకున్నాను. "ఆగొచ్చమ్మా, కానీ వాచీ ఆగదు" అన్నాడు. బెంచీ మీంచి ఎవరో "మామ్మగారు పడిపోయేలా ఉన్నారు, కుర్చీ వెయ్యండి" అన్నారు. మామ్మగారు! నాకింకా మనవలే లేరు.

అప్పుడే పక్కనుంచి "సంగీతం టీచర్ గారు కదూ?" అని వినపడింది. నా పాత విద్యార్థి. వాళ్ళ నాన్నను చూపించడానికి తీసుకొచ్చాడు. క్లాసులో గోడకు ఆనుకుని నిలబడ్డాడని ఏడో తరగతిలో వాణ్ణి బయటికి పంపింది నేనే. వాడు ఇంకొక్క మాట అనలేదు. వెళ్ళి ఆ తెగిన చెప్పు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. అప్పటికే చీర కాస్త తడిసింది. మావారికి చెప్పని సగం ఇదే.

ఈ టెస్టుకి వెళ్ళేవాళ్ళు బూట్లు వేసుకోండి, ముందు బాత్రూమ్‌కి వెళ్ళండి, వరస పోతే పోనివ్వండి. ఫోన్ చేసే అమ్మాయిని నమ్మకండి.

ఆ కుర్రాడు ఒక్క పనికొచ్చే మాట చెప్పాడు: "నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం రాకూడదు. అదే మీ వేగం." సంగీతం టీచరుకి చెప్పే మాటేనా! సంక్రాంతి వెళ్ళాక బీచ్ రోడ్డులో పరీక్షించాను. తెల్లవారుజామున అక్కడ బండ్లు రానివ్వరు. కాళీమాత గుడి దగ్గర మాయామాళవగౌళ రాగంలో సరళీలు, అంటే సంగీతంలో మొదటి స్వరపాఠాలు, ఎత్తుకుని, పాట తెగేదాకా వేగం పెంచుతాను. మొదట్లో "పదనిస" కూడా దాటేది కాదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కనపడేసరికి కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. ఇంకో సుఖం ఏమిటంటే, అలల హోరులో నా టిక్కులు నాకు వినపడవు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఇసుకలో ట్రాక్టరు టైరు వెళ్ళినట్టు గుర్తులు కనిపించాయి. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి పోయిందట. అటవీశాఖ వాళ్ళు గుడ్లను తవ్వి బుట్టలోకి ఎత్తుతున్నారు, పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా ఉన్నాయి. దగ్గరగా చూద్దామని చెప్పులు విడిచి ఇసుకలోకి దిగితే చిప్ప గుచ్చుకుంది. వాల్వు కోసం రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటున్నాను కదా, గట్టిగా నొక్కి పట్టినా చాలాసేపు ఆగలేదు. మావారి తిట్లు దానికంటే ఎక్కువసేపు సాగాయి.

నిన్న అదే కారిడార్, అదే కుర్రాడు. బూట్లు, పంజాబీ డ్రెస్సు. "బాగా నడుస్తున్నారు, ఇంకా ఒక నిమిషం" అన్నప్పుడు మనసులో సరళీ ఎత్తుకుని పైకి అనబోయాను, గొంతు రాలేదు. అంటే వేగం సరిపోయిందన్నమాట.

రేపు ఐఎన్ఆర్ టెస్టు, అంటే ఆ మాత్రలకి రక్తం ఎంత పలచబడిందో చూసే పరీక్ష. నాకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. ఆకుకూరలు ఎక్కువ తక్కువైతే ఆ అంకె మారిపోతుందట. మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే కొలతలో తినమన్నారు. ఆడపడుచు పంపిన గోంగూర పచ్చడి ఫ్రిజ్‌లో ఉంది. రక్తం ఇచ్చి వచ్చాకే దాని మూత తీస్తాను.