నాయన నల్లద్దాలు

నాయన కుడి కంట్లో, ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి సన్నటి ఎర్ర కండ పాకింది. ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే కనపడింది నాకు. "ఏంది నాయనా ఇది?" అంటే, "ఉప్పు గాలికి అట్టా అవతాదిలే అబ్బయ్యా" అన్నాడు. 30 ఏళ్లుగా ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పనిచేస్తున్న మనిషి.

నెల్లూరులో డాక్టరమ్మకు చూపించాను. ఏళ్ల తరబడి ఎండా గాలీ పడ్డ కన్ను అంది. కంటిపాప దాకా రాలేదు గనక ఇప్పుడే కోయక్కర్లేదు, కోసినా ఎండ తగలనిస్తే మళ్లీ పెరగొచ్చంది. "అద్దాలు పెట్టుకుంటాడు మేడమ్, పోయినేడు నేనే కొనిచ్చా" అన్నాను. బండి మీద 150కి కొన్న, బాగా నల్లటి అద్దాలు. "యూవీ ఆపుతాయా?" అని అడిగింది. యూవీ అంటే ఎండలో ఉండే, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు. తెలియదు నాకు.

ట్రంకు రోడ్డులో ఒక కళ్లద్దాల షాపులో మీటరుంది. అద్దాన్ని దాంట్లో పెడితే ఎంత యూవీ దాటుతోందో చూపిస్తుంది. నాయన అద్దాల్లోంచి బాగానే దాటుతోంది. నలుపు వెలుతురును తగ్గిస్తుందంతే. వెలుతురు తగ్గేసరికి కంటిపాప పెద్దదవుతుంది, కళ్లు చికిలించుకోవడం కూడా మానేస్తాం. యూవీ ఆపని నల్లద్దం పెట్టుకుంటే లోపలికి ఇంకా ఎక్కువ పోవచ్చు. వేసవంతా ఆయన కంటికి నేను చేసిపెట్టింది అదీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే బండి మీద కొన్న నా లేత రంగు అద్దాలు మాత్రం మొత్తం ఆపాయి. పాలికార్బొనేట్ అట, ఆ ప్లాస్టిక్కే యూవీని ఆపేస్తుంది. ధరను బట్టీ, రంగును బట్టీ చెప్పలేం. యూవీ 400 అని రాసుందా చూడాలి, అంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా ఉన్న కిరణాలను ఆపుతుందని. ఆ రాత నిజమో కాదో అద్దాన్ని మీటరులో పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

పోలరైజ్డ్ అద్దం వేరు. అది నీళ్ల మీద మెరుపును కోస్తుంది. రొయ్యల గుంటల మీద తిరిగే మా బాబాయికి అది ఉపయోగం, నీళ్ల లోపల మేత ట్రే కనపడుతుంది. ఫోను అడ్డంగా తిప్పితే స్క్రీను నల్లబడుతుందని విసుక్కుంటాడు గానీ. యూవీ సంగతి దానికీ విడిగా చూసుకోవాల్సిందే.

నాయనకు బూడిదరంగువి తీసుకున్నాం, కణతల దాకా చుట్టుకుని ఉండేవి. తలగుడ్డ పైనుంచి వచ్చే ఎండనే ఆపుతుంది. కయ్యలో ఎండ, కింద తెల్లటి ఉప్పు మీద నుంచీ, పక్కల నుంచీ కొడుతుంది. లోపలి వైపు కేటగిరీ 3 అని ఉంది, అద్దం ఎంత నలుపో చెప్పే అంకె అది. 4 ఇంకా నలుపు, అవి పెట్టుకుని బండి నడపకూడదు. చెమటకు జారకుండా వెనక తాడు కట్టుకున్నాడు.

అమ్మా అదే కయ్యలో ఉప్పు ఎత్తుతుంది. ఆమెకూ అద్దాలు కావాలని ఇన్నేళ్లలో మాకెవరికీ తట్టలేదు. ఈ ఆదివారం తీసుకెళ్తున్నాను.