మేస్త్రీతో రాసుకున్న కాగితం

నల్లగొండలో మా ఇంటి పని గుత్తకు ఇచ్చేటప్పుడు, మేస్త్రీతో ఒప్పందం రాసుకుంటానంటే మా వాళ్లే వద్దన్నారు. "తెలిసిన మనిషే గదా, కాయితాలెందుకు?" అని. తెలిసిన మనిషి కాబట్టే నేను పట్టుబట్టాను. గొడవైతే రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడాల్సిన వాళ్లం.

చదరపు అడుగుకు రేటు అందరూ మాట్లాడుకుంటారు. దేన్ని కొలవాలో మాట్లాడుకోరు, పేచీలు అక్కడే మొదలవుతాయి. సజ్జలు లెక్కలోకి వస్తాయా, మెట్ల గది వస్తుందా, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు ఎవరి ఖాతా? అన్నీ విడివిడిగా రాశాం. సంపుకు లీటరు లెక్కన వేరే రేటు.

డబ్బు దగ్గర చాలాసేపు నలిగింది. బేస్‌మెంట్, స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంతింత అని నేను రాస్తే, "కూలోళ్లకు వారం వారం పైసలియ్యాలె అన్నా, స్లాబ్ దాకా నేనేడ తేవాలె?" అన్నాడు. ఆయన మాట న్యాయమే. వారానికి కొంత అడ్వాన్సు ఇచ్చి, దశ పూర్తయ్యాక ఇచ్చే డబ్బులోంచి దాన్ని కోసుకునేలా మార్చాం. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాకే.

సిమెంటు, స్టీలు మావి. క్యూరింగ్‌కు నీళ్లు మేమివ్వాలి, కాంక్రీటును తడపడం ఆయన మనిషి పని. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద (ఫ్లైయాష్) కలిపిన పీపీసీ సిమెంటుకు కనీసం 10 రోజులు తడపాలి. మాది పీపీసీ కాబట్టి 10 అనే రాశాం.

ఆలస్యానికి పెద్ద జరిమానా రాద్దామనుకుంటే వకీలు ఆపారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఎంత రాసుకున్నా ఆ హద్దుకు లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారట. అందుకే అప్పుడు మేం ఉంటున్న ఇంటికి కట్టే అద్దెనే ఆధారంగా పెట్టాం.

అన్నిటికంటే అక్కరకొచ్చింది ఎక్స్‌ట్రా పనుల షరతు. రేటు ముందే నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకం పెడితేనే పని. వంటగది కిటికీ జరపమని మా ఆవిడ అడిగినప్పుడు ఆయన రేటు రాసిచ్చాడు. చూసి ఆమే వద్దంది. అదే నోటిమాటగా జరిగి ఉంటే చివరి బిల్లులో తేలేది.

వానాకాలంలో మెట్ల గది దగ్గర చెమ్మ దిగింది. మేస్త్రీ మనిషిని పంపి బాగు చేయించి, మిగిలిన పైసలు తీసుకెళ్లాడు.