చెల్లె కాన్పుకు సంచి సర్దుతూ

మా చెల్లెకు తొమ్మిదో నెల నడుస్తోంది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, నల్లగొండలో అమ్మ దగ్గరికి వచ్చేసింది. నేను మూడు వారాల సెలవు పెట్టి, రెండున్నరేళ్ల మా బాబును తీసుకుని డాలస్ నుంచి వచ్చాను. నిన్న మధ్యాహ్నం ముసురు పట్టి కరెంటు పోయింది. ముందు గదిలో చాప వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లే సంచి సర్దడం మొదలుపెట్టాం.

చెల్లె ఫోన్లో రాసి పెట్టుకున్న లిస్టులో నలభైకి పైగా వస్తువులున్నాయి. పాలసీసాలు వేడి చేసే మిషన్, వైప్స్‌ను వెచ్చగా ఉంచే డబ్బా, పుట్టిన బిడ్డకు బూట్లు. "ఏవేవి కావాలో చెప్పు అక్కా, తమ్ముణ్ని ప్రకాశం బజారుకు పంపుతా" అంది. నేను ఫోన్ తీసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తుంటే దాని మొహంలో టెన్షన్ కనిపించింది. తొలి బిడ్డకు ఏదో తక్కువ చేస్తున్నామేమో అన్న టెన్షన్. అది నాకు బాగా తెలుసు. అదే టెన్షన్‌తో నేను డాలస్‌లో ఒక గదిని డబ్బాలతో నింపాను.

మా బాబు జనవరిలో పుట్టాడు, డాక్టరు చెప్పిన తేదీకి మూడు వారాల ముందే. అమ్మకు ఆ తేదీకి పది రోజుల ముందు దిగేలా టికెట్ తీసుకున్నాం. అంటే అమ్మ వచ్చేసరికి వాడికి పదకొండు రోజులు నిండాయి. ఆ పదకొండు రోజులూ నేనూ మా ఆయనా ఇద్దరమే. బయట చలి. లోపల సగం విప్పని డబ్బాలు. నాకు పాలు సరిగా పడలేదు, కుట్లు లాగేవి, వాడు రాత్రంతా ఏడ్చేవాడు. మూడో రాత్రి రెండు గంటలకు మా ఆయన పాలు పిండే మిషన్ ఎలా బిగించాలో పుస్తకం చదువుతూ కూర్చుంటే, నేను మంచం అంచున కూర్చుని ఏడ్చాను.

మర్నాడు పక్క బిల్డింగులో ఉండే పాలమూరు అక్క వచ్చింది. మెత్తటి అన్నం, మిరియాల చారు, ఎల్లిపాయ కారం గిన్నెల్లో పెట్టుకొచ్చింది. "నువ్వు తిని పండుకో చెల్లె, పిల్లగాన్ని నేను చూస్త" అంది. రెండున్నర గంటలు నిద్రపోయాను. బిడ్డ పుట్టాక నాకు దొరికిన మొదటి నిద్ర అదే. ఆ వారమంతా ఆమె రోజు విడిచి రోజు వచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరైనా తొలి బిడ్డకు ఏం కొనాలని అడిగితే, ముందు ఒక్కటే అడుగుతాను: మొదటి పదిహేను రోజులు నీకు అన్నం వండిపెట్టేది ఎవరు? రాత్రి ఒక పూట బిడ్డను ఎత్తుకునేది ఎవరు? ఆ పేర్లు రాసుకున్నాకే బజారు. అమ్మానాన్నల టికెట్ తీసుకునేటప్పుడు కూడా ముందు చూసుకోండి. 37 వారాలు నిండితే బిడ్డ ఎప్పుడైనా రావచ్చు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు, కాబట్టి నెల ముందు వచ్చినా నష్టం లేదు.

అమ్మ 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చింది. ఒకదాంట్లో పొడులు, సొంఠి, వాము, మెంతులు. రెండోదాని నిండా బట్టలే. మా అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ నారాయణపేట నూలు చీరలు. వాటిని వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, పొత్తిగుడ్డలుగా చింపి, అంచులు చేత్తో కుట్టుకొచ్చింది. మిగిలిన ముక్కలతో ఒక బొంత. పెట్టె తెరిస్తే డెట్టాల్ వాసన వచ్చింది. నా డబ్బాల గదిని చూసి, "ఇన్ని కొన్నవు గని, పిల్లగాన్ని పండవెట్టనీకి ఒక మెత్తటి బట్ట లేదేందే బిడ్డా?" అంది. నిజంగానే లేదు.

ఆ పొత్తిగుడ్డలే మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చాయి. తుడవడానికి, చుట్టడానికి, పాలు పట్టేటప్పుడు భుజం మీద వేసుకోవడానికి. డైపర్లు కూడా వాడాను, అందులో తప్పేమీ లేదు. మొదట్లో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు దాకా అవుతాయి. ఏది వాడినా లెక్క మాత్రం రాసుకోవాలి. ఐదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా తడిపితే పాలు సరిపోతున్నట్టు. ఈ ఒక్క లెక్క తెలిసి ఉంటే ఆ మొదటి వారంలో నా ఏడుపు సగం తగ్గేది.

ఆ పెట్టెలోనే ఒక ఆవాల దిండు కూడా ఉంది. తల గుండ్రంగా రావడానికి. అక్కడ మాకు ఇబ్బంది వచ్చింది. పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, గట్టి పరుపుకు బిగుతుగా తొడిగిన దుప్పటి తప్ప దిండు, బొంత, బొమ్మ ఏదీ ఉండకూడదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో ఈ మాట మొదలుపెట్టింది, 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాత పదేళ్లలో, కారణం తెలియకుండా నిద్రలోనే చనిపోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. నేను ఆవాల దిండు తీసి పక్కన పెట్టేసరికి అమ్మ చిన్నబుచ్చుకుంది. "నిన్ను గట్లనే పెంచిన గదా" అని రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. తర్వాత పిల్లల డాక్టరు దగ్గరికి అమ్మనూ తీసుకెళ్లాను. ఆమె చెప్పింది తెలుగులో అమ్మకు చెప్పాను. డాక్టరు నోటి నుంచి విన్నాక అమ్మ ఒప్పుకుంది. బొంత మాత్రం వృథా కాలేదు. పగలు వాడు మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, ఎదురుగా అమ్మ కూర్చునేది. బోర్లా పడటం వాడు ఆ బొంత మీదే నేర్చుకున్నాడు.

ఇలా పెద్దవాళ్ల మాటకూ డాక్టరు మాటకూ మధ్య నలిగిపోయే కోడళ్లు, కూతుళ్లు చాలామంది ఉంటారని రాస్తున్నాను. బాలింతకు ఏం తినాలి, ఎంత విశ్రాంతి కావాలి, ఒళ్లు ఎలా కాపాడుకోవాలి అన్న వాటిలో నేను అమ్మ మాట విన్నాను. వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేస్తే నడుము తేలికైంది. బిడ్డ నోట్లోకి, కంట్లోకి, ముక్కులోకి పోయేవాటిలో మాత్రం డాక్టరు మాటే. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది. కాటుకలో సీసం ఉండొచ్చు, కంటికి వద్దు. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకున్నాం. ఆముదం తాగించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, బొడ్డుకు పసుపు పూయడం ఏవీ వద్దు. బొడ్డు పొడిగా ఉంటే దానంతట అదే రాలుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే, గుక్కెడు నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలు తాగే బిడ్డకు రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు రాసిస్తారు, అవి మరవొద్దు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. అమ్మమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ మొదట అడిగేది, "ఏ నీళ్లు తాగుతున్నవు బిడ్డా?" అని. మర్రిగూడ వైపు ఊరు ఆమెది. నలభై దాటకముందే ఆమె నడుము వంగిపోయింది. మా జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి ఎన్నో దశాబ్దాల కిందటే బయటపడింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను విరిచే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మా ఊరి పేరే వచ్చింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, కాలం చాలా మారింది. అయినా కొన్ని ఇళ్లలో ఇంకా బోరు నీళ్లు వాడతారు. బయటి దేశం నుంచి బిడ్డతో వచ్చి డబ్బా పాలు కలిపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లతో పసిబిడ్డకు పాలు కలపకండి. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. తల్లి తాగే నీళ్లలో ఉన్నా పాలలోకి అంతగా రాదు. ఈ మాట చెబితే అమ్మమ్మ ఎంత సంతోషపడిందో.

ఆమె మా బాబును చూడలేదు. వాడికి నాలుగో నెలలో పోయింది. అప్పటికి వాడి పాస్‌పోర్టుకు మేము అప్లై కూడా చేయలేదు, నిద్ర లేని రోజుల్లో రేపు రేపు అనుకుంటూ గడిపేశాం. అక్కడ పుట్టిన బిడ్డ పాస్‌పోర్టుకు బర్త్ సర్టిఫికెట్ కావాలి, బిడ్డతో పాటు తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి. ఆ తర్వాత ఇండియా వీసానో, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డో తీసుకోవాలి. వీటన్నిటికీ వారాలు పడతాయి. అందుకే విదేశంలో కాన్పు అయ్యేవాళ్లు బొమ్మల కంటే ముందు కాగితాల ఫైలు ఒకటి పెట్టుకోండి. ఇన్సూరెన్సులో బిడ్డ పేరు చేర్చడానికి మామూలుగా 30 రోజులే గడువు. మొదటి నెలలోనే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మరీ.

వాణ్ని ఎనిమిదో నెలలో మొదటిసారి నల్లగొండ తీసుకొచ్చాను. బయల్దేరే ముందు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వేయించాను. అక్కడ ఏడాదికి వేసేదే, ఆరు నెలలు దాటి విదేశం వెళ్లే పిల్లలకు ముందుగా ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు కాబట్టి ఏడాదికి మళ్లీ వేయించాలి. కారు సీటు కూడా విమానంలో తెచ్చుకున్నాను. శంషాబాద్ నుంచి ఇంటికి వంద కిలోమీటర్లు పైనే, హైవే మీద పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని రావడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎత్తుకుంటే సరిపోయేదానికి ఈ సీటెందుకని చుట్టాలు అన్నారు. నేను వినలేదు. చెల్లె లిస్టులో నేను కొట్టేయని పెద్ద వస్తువు అదొక్కటే. ఆస్పత్రి నుంచి ఇంటికి కారులో రెండు కిలోమీటర్లే అయినా సరే, వెనక్కి తిరిగి ఉండే సీటులోనే తీసుకురావాలని మరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

కొట్టేసినవి పోను, నేను కొత్తగా రాసినవి రెండు. ఒకటి థర్మామీటర్. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండోది దోమతెర. డాలస్ లిస్టులో అది ఉండదు, ఈ వానాకాలంలో ఇక్కడ అది లేకుండా కుదరదు. మా ఎదురింటి అమ్మాయికి సర్కారు దవాఖానాలో కేసీఆర్ కిట్ ఇచ్చారు. 2017లో మొదలైన ఆ కిట్‌లో సబ్బు, నూనె, బట్టలతో పాటు దోమతెర కూడా ఉండేది. అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోంది, తెర మాత్రం వాళ్లింట్లో ఇంకా వాడుతున్నారు. ఆ కిట్ తయారుచేసిన వాళ్లకు ఇక్కడి ఇళ్లు తెలుసనిపించింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ముందు ముడి వేసే పలుచటి నూలు చొక్కాలు ఆరు, టోపీ ఒకటి, డైపర్లు ఒక ప్యాకెట్, తల్లికి ముందు తెరుచుకునే నైటీలు, పెద్ద ప్యాడ్లు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్, ఫోన్ చార్జర్. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. తొట్టెల వేసేది కూడా ఇరవై ఒకటో రోజే కాబట్టి, చుట్టాలను పిలిచే హడావిడిలో అది మరవొద్దని తమ్ముడికి అప్పజెప్పాం. 2023 అక్టోబర్ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

ఒక మాట చెల్లెతో విడిగా చెప్పాను. డాలస్‌లో నెల రోజుల చెకప్‌లో నాకు పది ప్రశ్నల కాగితం ఇచ్చారు, ఊరికే ఏడుపు వస్తోందా, భయంగా ఉంటోందా అని. అన్నిటికీ బాగున్నానని టిక్ పెట్టి ఇచ్చేశాను. అప్పటికి నేను బాగా లేను. కాన్పు తర్వాత రెండు వారాలు దాటినా ఆ దిగులు పోకపోతే డాక్టరుకు చెప్పాలి, చెబితే తగ్గుతుంది. ఇక్కడ ఆ కాగితం ఎవరూ ఇవ్వకపోవచ్చు. "నేను వెళ్లిపోయాక రోజూ వీడియో కాల్‌లో నేనే అడుగుతా, నిజం చెప్పు" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుని తలూపింది.

అమ్మమ్మ చీరల పొత్తిగుడ్డల్లో చిరగకుండా మిగిలినవి నాలుగు. డాలస్ నుంచి వాటిని తెచ్చాను. సంచిలో అన్నిటికంటే పైన పెడుతుంటే మా బాబు పరిగెత్తుకొచ్చాడు. ఇంట్లో నిద్రపోయేటప్పుడు వాడు చేతిలో పట్టుకునేది వాటిల్లో ఒకటే.

"అమ్మమ్మా, ఇది నాది" అన్నాడు.

"నీదే బిడ్డా. పిన్నికి చిన్న బేబీ వస్తది గదా, ఇద్దామా?" అంది అమ్మ.

వాడు కాసేపు నాలుగింటినీ చూశాడు. అంచు ఊడిన ఎర్ర ముక్కను తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. మిగతా మూడూ సంచిలో వేసి, జిప్ వేయమని పిన్నికి చూపించాడు.